నూకలకు కొన్న పిల్ల

మా ఇంట్లో పిల్లల్ని అన్నానికి పిలవాలంటే నోరు పనికిరాదు, లైటు ఆర్పి వెలిగించాలి. మా పెద్దబాబుకు చెవులు వినిపించవు. చెవికి పెట్టుకునే మిషన్ ఇప్పించాం గానీ అది వాడి చెవిలో కన్నా జేబులోనే ఎక్కువ కాపురం చేస్తుంది. వాడి కోసం మొదలుపెట్టిన ఈ లైటు పద్ధతి మెల్లగా అందరికీ అంటుకుంది. లైటు రెండుసార్లు ఆరి వెలిగిందా, ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని వంటింటి గడప దగ్గర బారుగా కూర్చుంటారు. ఒకసారి గాలిదుమారానికి కరెంటు పోతూ వస్తూ ఉంటే, సాయంత్రం ఇంకా దీపాలవేళ కాకముందే మాటిమాటికీ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పొయ్యి మీద స్నానాల నీళ్ళు తప్ప ఏమీ లేదు. చివరిసారి విసుగ్గా తల తిప్పి చూస్తే వాళ్ళ వెనక మా ఆయన కూడా పళ్ళెంతో నిలబడి ఉన్నాడు.

మాకు ఐదుగురు పిల్లలు. ఒక్కరినీ నేను కనలేదు. పెద్దమ్మాయికి చూపు లేదు. నేను చెప్పబోయే చలికాలానికి దానికి పద్నాలుగేళ్ళు. దాని తర్వాత చెవులు వినిపించని పెద్దబాబు. వాడి తర్వాత చిన్నబాబు, మాటలు తక్కువ, పట్టుదల ఎక్కువ. వాడి కంటికి ఏ వస్తువైనా వరుసలో కనిపించాలి. ఒక పెండ్లిలో మేం భోజనాలు చేసి బయటికి వచ్చేసరికి ఫంక్షన్ హాలు ముందున్న చెప్పులన్నిటినీ సైజుల వారీగా, ఎడమవన్నీ ఒక బారు, కుడివన్నీ ఒక బారు పెట్టేశాడు. పెండ్లికొడుకు మేనమామ రెండు ఎడమ చెప్పులతో కోటగిరి దాకా పోయాడని తర్వాత తెలిసింది. నాలుగోది ఏడేళ్ళ పిల్ల. ఒక కాలికి ఇనుప పట్టీల బూటు వేసుకుని టకటకమని తిరుగుతుంది. కాలి కొరతంతా నోటితో తీర్చుకుంటుంది. ఇంటికి ఎవరొచ్చినా నేను మంచినీళ్ళు ఇచ్చేలోపు అది మా చరిత్ర చెప్పేస్తుంది.

"మమ్ముల అందర్ని తెచ్చుకున్నరు. అక్కనేమో వరంగల్ కెల్లి, నన్నేమో నిజామాబాద్ కెల్లి. మా అవ్వను మాత్రం తెచ్చుకోలే, ఆమె ముందుగాల్నే ఉన్నది."

అవ్వ అంటే మా అత్తమ్మ.

ఇక ఐదోది. మూడేళ్ళది, మా చిన్నది. పుట్టుకతోనే ఎదుగుదల నెమ్మది, గుండెలో రంధ్రం. ఎవరు కనబడినా చేతులు చాచి ఎత్తుకొమ్మంటుంది, ఎత్తుకుంటే ముక్కు పట్టుకుంటుంది. మా ఇంటికి వచ్చి అప్పటికి ఐదు నెలలు. వచ్చిందే గానీ ఇంకా మాది కాలేదు. ఇలాంటి పిల్లల్ని ముందు పెంపకానికని ఇస్తారు. అధికారులు అప్పుడప్పుడు వచ్చి చూసిపోతారు. వాళ్ళకు నచ్చితే కలెక్టరు ఆర్డరు వస్తుంది. నచ్చకపోతే పిల్లను మళ్ళీ నిజామాబాద్‌లోని పిల్లల హోమ్‌కు తీసుకుపోతారు. నలుగురి విషయంలో ఈ గండం దాటాం కదా, ఐదోసారికి గుండె గట్టిపడాలి కదా అంటారు తెలిసినవాళ్ళు. గట్టిపడలేదు. ప్రతిసారీ ఇంకొంచెం మెత్తబడుతూ వచ్చింది.

ఆ చలికాలంలో చూసిపోవడానికి వచ్చిన అధికారి మేడం చిన్నదాన్ని తూకం వేసి పెదవి విరిచింది. పిల్ల బరువు పెరగలేదు. చలికి గోళ్ళు నీలంగా ఉన్నాయి. "మీ మనసు మంచిదే. కానీ ఇప్పటికే నలుగురున్నారు. ఈ పాప సంగతి వేరు, ఆపరేషన్ దాకా కంటికి రెప్పలా చూసుకోవాలి. ఇక్కడ కుదురుతుందా లేదా అన్నది మేం ఆలోచించాల్సి ఉంటుంది. వచ్చే నెల మళ్ళీ వస్తాను," అంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదకే నాకు భయం వేసింది. కేకలేసే వాళ్ళకు నేను జవాబు చెప్పగలను, నా నోటి సంగతి మా వీధికి తెలుసు. మెత్తగా మాట్లాడే వాళ్ళను ఏం చేయాలో తెలియదు.

ఆ నెలంతా నేను మనిషిలా లేను. రాగిజావలో నెయ్యి వేసి ఒక్కో చెంచా పట్టేదాన్ని. చిన్నది సగం మింగి సగం నా మీదే ఊసేది. జావంతా నాకే పట్టిందేమో, నేను లావయ్యాను. మాది బోధన్ చివర, చెరకు తోటల పక్క వీధి. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయినా రైతులు కొందరు చెరకు విడిచిపెట్టలేదు. కోతల కాలంలో వేరే ఊళ్ళ ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు మా ఇంటి ముందు నుంచే పోతాయి. గేటు ముందు ఏ ఇంజను చప్పుడు నెమ్మదించినా నేను చిన్నదాన్ని చంకనేసుకుని వెనక గదిలోకి పోయేదాన్ని. ట్రాక్టరు నుంచి చెరకుగడ ఇస్తానని పిలిచిన డ్రైవరు మీద కూడా అరిచాను. మా ఆయనకు బస్టాండు వైపు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఆయన ఏ మోటారు కాలిపోయినా మళ్ళీ చుట్టవచ్చని నమ్మే మనిషి. "ఊకె ఎందుకు భయపడ్తవ్? వాళ్ళు గూడ మనుషులే గద," అనేవాడు. మనుషులు కాబట్టే భయం. చుట్టాల్లో కొందరు, ఇచ్చేస్తే నీకే సుఖం కదా అని సలహా కూడా ఇచ్చారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మొహం మీదే అన్నాను. వాళ్ళు వెళ్ళాక, ఈ మాట మేడం చెవిన పడితే పిల్లల్ని పెంచే ఇంట్లో ఇంత దురుసు మనిషా అనుకుంటుందేమోనని మళ్ళీ భయపడ్డాను.

మా అత్తమ్మ భయం వేరే రకం. ఆమెకు అధికారులకూ యముడికీ పెద్ద తేడా కనిపించదు. మా ఆయన కన్నా ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు ఆమెకు దక్కలేదు. ఈయన పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారట. పక్కింటామె వచ్చి, ఎవరో పారేసిన పిల్లాణ్ణి ఏరుకున్నట్టు ఎత్తుకుందట. మా అత్తమ్మ తౌడిచ్చి బేరమాడి తన కొడుకును తానే కొనుక్కుంది. పెంటలో దొరికినదాని మీద, తౌడుకు వచ్చినదాని మీద ఏ చావు కన్నూ పడదని మా వైపు పాత నమ్మకం. ఈయన బతికాడు. బతకడమే కాదు, పొట్ట కూడా వచ్చింది. ఆమెకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి.

"చిన్నదాన్ని గూడ గట్లనే కొందం," అంది ఒకరోజు.

"ఒద్దత్తమ్మా. మంచుల పిల్లకు సలి వెడ్తది," అన్నాను. ఆమె సరే అంది. మా అత్తమ్మ అంత తొందరగా సరే అన్నదంటేనే నాకు అనుమానం రావాలి. భయంతో ఉన్న మనిషికి బుర్ర పనిచేయదు.

మేడం పదకొండింటికి వస్తానని ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే ఇల్లు కడిగాను. అందరికీ ఉతికిన బట్టలు తీసిపెట్టాను. చిన్నదానికి స్వెట్టరు వేసి అత్తమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, చిన్నబాబుకు తలస్నానం చేయించడానికి బాత్రూంలోకి పోయాను. వాడు సబ్బులను వరుసలో పెడితే తప్ప తల వంచడు. అక్కడ నేను చిక్కుకుపోయాను.

అత్తమ్మ అదను చూసుకుంది. పక్కింటామె బీడీలు చుడుతుంది, వాళ్ళకు బర్రె కూడా ఉంది. రెండిళ్ళకూ నడుమ గేటు పక్కన వాళ్ళ పెంటకుప్ప. ఆమె తన ఒళ్ళోని చాటలో ఉన్న ఆకూ తంబాకూ ఒక గుడ్డలోకి వంచి, చాటను దులిపీ దులపనట్టు దులిపి ఇచ్చింది. అందులో మా చిన్నదాన్ని పడుకోబెట్టారు.

మేడంకు కోటగిరి వైపు ఇంకో పని పడిందట. అందుకని చెప్పిన వేళ కన్నా చాలా ముందుగా వచ్చింది.

నేను మొదట విన్నది గేటు దగ్గర నాలుగోదాని బూటు చప్పుడు, ఆ వెంటనే దాని గొంతు.

"జెర ఆగుండ్రి మేడం. చెల్లె బేరం ఇంక తెగలే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సబ్బు చేతులతో, సగం నురగ తలతో ఉన్న పిల్లాణ్ణి వదిలేసి బయటికి ఉరికాను. గేటు బయట తెల్ల బండి. గేటు లోపల మేడం, చేతిలో ఫైలు, కదలకుండా నిలబడి ఉంది. ఎదురుగా పెంటకుప్ప. దాని మీద చాట. చాటలో మా చిన్నది, స్వెట్టరు, టోపీ, కాటుకబొట్టుతో సహా, ఆకాశం వైపు చేతులు చాచి పడుకుని ఉంది. చాటకు అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు.

"సోలెడు నూకలిస్తెనే ఇస్త. ఊకె రాలే నాకు," అంటోంది పక్కింటామె.

"గీ పెంటల దొరికిన దానికి సోలెడా? ఏం జూసి ఇయ్యాలె? మాట రాదు, నడక రాదు. గిద్దెడిస్త, ఇస్తే ఇయ్యి, లేకుంటె నువ్వే వెట్టుకో," అంటోంది మా అత్తమ్మ.

బేరం అంత గట్టిగా ఆడాలి. పిల్ల ఎంత చవకైతే అంత గట్టిగా బతుకుతుందని లెక్క. తెలిసినవాళ్ళకది మొక్కు లాంటిది. తెలియనివాళ్ళకు, అందులోనూ పిల్లల అమ్మకాలు జరగకుండా చూడటమే ఉద్యోగమైన వాళ్ళకు, ఏమనిపిస్తుందో నాకు మేడం మొహంలో కనిపించింది. అప్పుడే చాటలో మిగిలిన తంబాకు ఘాటుకు చిన్నది తుమ్మడం మొదలుపెట్టింది. ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోనివ్వకుండా తుమ్ములు. మొహం ఎర్రబడి, పెదవుల చుట్టూ నీలం తేలింది. నేను పరిగెత్తి దాన్ని ఎత్తుకోబోయాను.

"ముట్టకు," అని అరిచింది అత్తమ్మ. "కొనకముందు ముట్టొద్దు నువ్వు."

నేను ముట్టాను. నా గుండెకు ఆనించుకుని వీపు నిమిరాను. దాని గుండె పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. అత్తమ్మ నన్ను ఆపలేక, ఇక ఆలస్యం చేయకుండా కొంగులోని నూకలు మొత్తం పక్కింటామె చాటలో పోసేసి, "పాయె, కొన్న. సోలెడు కన్న ఎక్కువనే పాయె," అంది.

"ఇక్కడ ఏం జరుగుతోంది?" అంది మేడం. గొంతు మెత్తగానే ఉంది.

నేను చిన్నదాని వీపు నిమురుతూనే ఉన్నాను. చెప్పింది అత్తమ్మే. ఆమె దాపరికం ఎరగని మనిషి. "పోరికి ఆయుష్షు తక్కువున్నదని కొన్న మేడం. ఇగ యమునికి దీని మీద ఆశుండదు. మీకు గూడ ఉండద్దనే ముందుగాల కొందామనుకున్న. మీరేమో జల్ది వచ్చిండ్రు."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మేడం ఫైలు తెరవలేదు. ఏమీ రాయలేదు కూడా. రాస్తే ఏం రాసేదో ఊహించుకునే ధైర్యం నాకిప్పటికీ లేదు. చిన్నదాని తుమ్ములు తగ్గేదాకా నిలబడి చూసింది. చేయి పట్టుకుని గోళ్ళు చూసింది. అప్పుడు మా పెద్దమ్మాయి ఇంట్లోంచి వచ్చింది.

ఒక చేత్తో గోడ తడుముకుంటూ, ఇంకో చేత్తో చిన్న సంచి పట్టుకుని వచ్చింది. జడ వేసుకుంది. చెప్పులు కూడా వేసుకుంది. ఎవరు ఎక్కడున్నారో గొంతులను బట్టి దానికి తెలుస్తుంది. సరిగ్గా మేడం ముందుకే వచ్చి ఆగింది.

"మేడం, ఎవరినన్న ఒగలను కొండవోవాల్నంటే నన్ను కొండవోండ్రి. చెల్లె చిన్నగున్నది, దాని పాణం బాగుండదు. నాకు హోమ్ అలవాటే."

మేడం దాని వైపు చూసింది, తర్వాత నా వైపు. "నిన్ను తీసుకెళ్తామని ఎవరన్నారమ్మా?"

"ఎవ్వరనలే. బండి వచ్చిందంటే ఒట్టిగ పోదు గద."

అది మా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. వచ్చింది కూడా ఇలాంటి బండిలోనే. దానికి ముందు ఎన్ని చోట్ల నుంచి ఎన్ని బండ్లలో ఎక్కించారో నాకు పూర్తిగా తెలియదు. చూపులేని పిల్లకు బండి తలుపు చప్పుడు గుర్తుండిపోయి ఉంటుంది. నేను ఆ నెలంతా గేటు ముందు ఇంజను ఆగినప్పుడల్లా చిన్నదాన్ని ఎత్తుకుని వెనక గదిలోకి పోయాను. ఆ గదిలోనే మంచం మీద కూర్చుని వేళ్ళతో చదువుకునేది ఇది. నా భయం చప్పుడంతా విన్నది. నేను దాన్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

మేడం పెద్దమ్మాయి చేయి పట్టుకుంది. "ఈసారి బండి ఒట్టిదే పోతుందమ్మా," అంది.

గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి కాసేపు కూర్చుంది. పోవడానికి లేచింది గానీ పోలేకపోయింది. నురగ తలతోనే బయటికి వచ్చిన చిన్నబాబు ఆమె చెప్పులను మా చెప్పుల వరుసలో కలిపేశాడు. వాడి పని పూర్తయ్యేదాకా ఎవరినీ ముట్టనివ్వడు. మేడం అరుగు మీద కూర్చుని ఎదురుచూసింది. ఈలోగా చిన్నది అలవాటు ప్రకారం చేతులు చాచింది. ఆమె ఎత్తుకుంది, చిన్నది ముక్కు పట్టుకుంది. తంబాకు వాసనకు మేడం కూడా తుమ్మింది. పెద్దబాబు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "పాపను మళ్ళీ ఇలా చలిలో పెట్టకండి," అంది మేడం అత్తమ్మతో.

"మళ్ళెందుకు మేడం? కొన్నంక అయిపాయె గద," అంది అత్తమ్మ.

తెల్ల బండి ఒట్టిగానే పోయింది. కానీ 'ఈసారి' అన్న మాట నా దగ్గర ఉండిపోయింది. మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్చాను. షాపు మూసి వచ్చేశాడు.

సాయంత్రం పెద్దమ్మాయి సంచి తెరిచాను. బట్టలు మళ్ళీ ర్యాకులో సర్దుదామనుకున్నాను. అందులో ఒక పాత గౌను, ఐదేళ్ళ పిల్లకు పట్టేది. ఒక ప్లాస్టిక్ దువ్వెన. పళ్ళు అరిగిన చిన్న బ్రష్షు. హోమ్ నుంచి వచ్చిన రోజు దాని దగ్గరున్నవి అవే. ఇన్నేళ్ళు ఎక్కడ దాచిందో. ఇప్పటి బట్టలు ఒక్కటీ లేవు.

"గిదేంది? పద్నాలుగేండ్ల దానివి, గీ గౌను ఏసుకుంటవా ఆడికి పోయి?" అన్నాను.

"మీరు కొనిచ్చినయి అన్ని ర్యాకులనే ఉన్నయమ్మా. ఒక్కటి గూడ వెట్టుకోలే. సూసుకో," అంది.

నేను దొంగతనం అంటగడతానని కాదు. హోమ్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోయేటప్పుడు అక్కడి వస్తువులు అక్కడే విడిచిపోవాలట. దానికి తెలిసిన మర్యాద అది. ఆ మర్యాదతోనే తొమ్మిదేళ్ళు నా ఇంట్లో ఉంది. ఎవరొచ్చినా మెచ్చుకునేవాళ్ళు, ఎంత బుద్ధిమంతురాలు అని. ఎదురు చెప్పదు, అలగదు, ఇది కావాలని అడగదు, పెట్టింది తిని పళ్ళెం కడిగి బోర్లిస్తుంది. నాకు గర్వంగా ఉండేది. మిగతా నలుగురి మీద పొద్దున లేస్తే అరుస్తాను, దీని మీద అరిచే పనే పడలేదు.

ఆ సాయంత్రం అరిచాను. మొదటిసారి. ఏం తిట్టానో అన్నీ గుర్తులేవు. ఎవరినడిగి జడేసుకున్నవ్, ఎవరినడిగి చెప్పులు దొడిగినవ్, మేడంతోని బేరమాడటానికి నువ్వెవరివే, రేపు నేను లేనప్పుడు గీ నలుగురిని ఎవరు జూస్తరనుకున్నవ్ అని, గొంతు పగిలేదాకా అరిచాను. ఏడుస్తూనే అరిచాను. అది తల వంచుకుని నిలబడింది. చెవులు వినిపించని పెద్దబాబు కూడా గది తలుపు దగ్గరికి వచ్చి భయంగా చూశాడు. మా ఆయన ఆపబోయాడు. అత్తమ్మ ఆయన్ను ఆపింది.

"తిట్టనియ్యిరా. ఇన్నేండ్లకెల్లి చుట్టాన్ని జూసినట్టు జూసింది దాన్ని," అంది.

ఆ మాటకు నా అరుపు ఆగిపోయింది. పెద్దమ్మాయి చేతులు చాచి నా మొహం వెతుక్కుంది. తడిగా ఉందని తెలిసి, తన ఓణీతో తుడిచింది. అప్పుడు కూడా మర్యాదగానే తుడిచింది.

చలికాలం పోయి ఎండలు ముదిరాక ఫోన్ వచ్చింది, ఆర్డరు అయిందని. చిన్నది మాదయింది. ఆపరేషన్ ఇంకా ఉంది, ఆ భయం నాతోనే ఉంది. తెల్ల బండి ఏది కనబడినా నా చేయి ఇప్పటికీ ఏదో ఒక పిల్ల భుజం మీదికి పోతుంది. అత్తమ్మ మాత్రం అదంతా నూకల మహిమేనంటుంది. కాదని చెప్పే సాహసం నేను చేయను.

ఆ వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం. గోరుచిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. ఈనెలు తీయడంలో పెద్దమ్మాయి వేళ్ళు నా కన్నా చురుకు. అది లోపల మంచం మీద పడుకుని ఫోన్‌లో ఏదో కథ వింటోంది.

"ఇటు రా బిడ్డా, జెర ఈనెలు తీద్దువు," అని పిలిచాను.

మళ్ళీ పిలిచాను.

"నేను రాను. కథ మంచిగున్న కాడ పిలుస్తవ్ ఎప్పుడూ. నువ్వే తీసుకో," అంది.

మా ఆయన అన్నం తింటూ తలెత్తాడు. "అమ్మకు గట్ల ఎదురు మాట్లాడుతవా?" అనబోయాడు. నేను ఆయన చేయి పట్టుకుని గట్టిగా నొక్కాను. నోరు మూసుకున్నాడు.

లోపల అది వాల్యూం ఇంకా పెంచింది.